సజ్జా ఎడారిలో బావ పట్టిన బంతి

దుబాయ్ పోయి వచ్చినవాణ్ణి మా మెట్‌పల్లిలో అడిగే ప్రశ్నలు మూడే. బంగారం ఎంత తెచ్చావు, మేడలు ఎంత ఎత్తున్నాయి, ఒంటె ఎక్కావా అని. నేను బంగారం తేలేదు. మేడల కింద నిలబడ్డాను గానీ లెక్కపెట్టలేదు. ఒంటెను దూరం నుంచి చూశాను, అది నన్ను చూడలేదు. పదహారు రోజులు ఉండి నేను చూసి వచ్చిందల్లా ఒక అమెరికా కుర్రాడు బంతి విసరడం. ఆ మాట అంటే స్టాఫ్ రూములో అందరూ నా వంక జాలిగా చూశారు. అందుకే వివరంగా రాస్తున్నాను. రాస్తే నాకైనా అర్థమవుతుందేమోనని ఆశ.

ముందు నా సంగతి. నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, క్రికెట్టు నేర్పుతాను. ఏ ఆటైనా పది నిమిషాలు చూస్తే దాని గుట్టు తెలుసుకోగలనని నాకో గర్వం ఉండేది. ఆ గర్వం ఇప్పుడు సజ్జా ఇసుకలో ఎక్కడో ఉంది.

షార్జా

మా అక్క మొగుడు గంగారాం బావ నాలుగేళ్లుగా షార్జా దగ్గర సజ్జాలో, గ్యాసు కోసం బావులు తవ్వే అమెరికన్ల క్యాంపులో వంటవాడు. అక్కడి ఇండియన్ స్కూల్లో డ్రిల్లు మాస్టరు కావాలని తెలిసి, ఎవరి కాళ్లో పట్టుకుని నాకు విజిట్ వీసా తీయించాడు. ఇదంతా ఎనభైల మొదట్లో, జనవరి నెలాఖరు మాట.

ఎడారి అంటే ఎండే కదా అని పలచటి చొక్కాలు రెండు సర్దుకుని పోయాను. విమానం మెట్లు దిగేసరికి పళ్లు టకటకలాడాయి. బయట బావ స్వెట్టరూ మఫ్లరూ వేసుకుని నిలబడ్డాడు. నన్ను చూసి కావలించుకోలేదు, అక్క ఎట్లా ఉందని కూడా అడగలేదు.

"సారూ, స్వెటర్ తేలేదా? మా అక్క తమ్ముడువేనా నువ్వు?" అన్నాడు.

"మీ అక్క కాదు, మా అక్క," అన్నాను.

"గదే, చలికి మతి దప్పింది," అని తన మఫ్లరు తీసి నా మెడకు చుట్టాడు. ఆ పదహారు రోజులూ నేను రిగ్గు పనివాళ్లు చొక్కా ప్యాంటు కలిపి ఒకటిగా వేసుకునే బావ పాత బాయిలర్ సూటులోనే తిరిగాను. వీపు మీద ఏదో కంపెనీ గుర్తు ఉండేది. దారిలో ఇద్దరు ముగ్గురు నన్ను ఆపి, పంపు ఎప్పుడు బాగుచేస్తావని హిందీలో అడిగారు.

రోలా

మర్నాడు ఆదివారం. అక్కడ ఆదివారం బడి ఉంటుంది, శుక్రవారం సెలవు. ఈ ఒక్క తేడాతో నాకు ఏ రోజు ఏదో పదహారు రోజులూ తెలియలేదు. స్కూల్లో ప్రిన్సిపాల్ గారు మర్యాదగా కూచోబెట్టి, టెన్నిస్ వచ్చా, ఈత నేర్పగలరా అని అడిగారు. ఎస్సారెస్పీ కాలవలో ఈదుతానని చెప్పాను. ఆయన నవ్వి, ఉత్తరం రాస్తామన్నారు. ఆ నవ్వు నాకు తెలుసు. జట్టులోకి తీసుకోని పిల్లలను చూసి నేనూ అలాగే నవ్వుతాను.

షార్జా బజారు రోలాలో ఒక మలబారు వాళ్ల హోటల్లో టీ తాగాం. యాభై ఫిల్సు, అంటే అర దిర్హము. మన లెక్కలో రూపాయిన్నరకు దగ్గర. గుటక గుటకకూ లెక్క వేస్తుంటే బావ కసిరాడు.

"ఇక్కడ లెక్కలు చెయ్యకు సారూ, టీ తాగలేవు. యల్లా, నడు పోదాం, మస్తాన్ భాయ్ అచ్చిండు."

మస్తాన్ రాయచోటి మనిషి, క్యాంపు పికప్పు నడుపుతాడు. ఆరేళ్లుగా అమెరికన్లను తిప్పి తిప్పి ఇంగ్లీషు పట్టేశాడు. బండి ఎక్కగానే నన్ను ఎగాదిగా చూసి, "సార్, మీరు ఆటల అయ్యవారంట గదా. అయితే మా డెన్నీ ఆట మీరే చెప్పల్ల. మాకెవరికీ అర్థం కావడంల్యా," అన్నాడు.

సజ్జా

ఊరు దాటి అరగంట పోతే ఇసుక, ముళ్ల చెట్లు, దూరంగా బావి తవ్వే రిగ్గు. క్యాంపు అంటే వరసగా నిలబెట్టిన ఇనుప డబ్బాలు. అమెరికన్ల డబ్బాలకు ఏసీ, మనవాళ్ల డబ్బాలో ఎనిమిది మంచాలు. బావ అమెరికన్లకు పొద్దున్న పంది మాంసం వేపుతాడు, తను తినడు. రాత్రికి వాళ్లకు గొడ్డు మాంసం కాలుస్తాడు, అదీ తినడు. పని అయ్యాక మన డబ్బా వెనక చింతపండు పులుసు కాచుకుని, దిర్హముకు దొరికే కుబూస్ రొట్టెలు అందులో ముంచుకుని తింటాడు. మస్తాన్ కూడా ఆ పులుసు కోసమే సాయంత్రాలు అక్కడ తచ్చాడతాడు.

ఆ సాయంత్రం అయిదింటికి వంటగది వెనక ధడ్, ధడ్ మని చప్పుడు వినబడి వెళ్లి చూశాను. డెన్నీ అనే ఆ కుర్రాడికి ఇరవై నాలుగేళ్లుంటాయి. ఎర్రటి జుట్టు, తాడిచెట్టు పొడుగు. ఎదురుగా ఇనుప డబ్బా ముందు మా బావ లుంగీ ఎగగట్టి గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతికి దిండంత తోలు తొడుగు. కుర్రాడు కాలు ఛాతీ దాకా ఎత్తి, ఒళ్లంతా మెలి తిప్పి విసిరాడు. ఎర్రదారం కుట్టిన తెల్ల బంతి బావ దగ్గరికి వస్తూ వస్తూ ఉన్నట్టుండి పక్కకు తిరిగింది. బావ కూర్చున్న చోట కూర్చునే పట్టాడు. పట్టి, బంతిని కుడి తొడకు నాలుగుసార్లు రుద్ది, వెనక్కి విసిరాడు.

నాకు అది చాలా సహజంగా కనబడింది. బావ కుర్రతనంలో మా మెట్‌పల్లి జట్టుకు వికెట్ కీపరు. జట్టుకు ఏడాదికి ఒకటే తోలుబంతి. ఎవరి చేతికి వస్తే వాళ్లు తలకున్న కొబ్బరినూనె వేలికి అద్ది, బంతికి ఒకే పక్క రాసి, తొడకు రుద్ది ఇవ్వాలి. ఒక పక్క నునుపు, ఒక పక్క గరుకు ఉంటే బంతి గాలిలో తిరుగుతుంది. రుద్దకుండా ఇచ్చినవాడికి మా జట్టులో టీ పోసేవాళ్లు కాదు.

డెన్నీ సంగతి మస్తాన్ చెప్పాడు. "వాళ్ల దేశంలో ఆటగాడు సార్. పెద్ద జట్టు గాదు. దాని కింద జట్టు, దాని కింద జట్టు, దానికీ కింద జట్టు. నాలుగేండ్లు ఆడినాడు, ఎవరూ పట్టించుకోల్యా. చలికాలం అయిపోయే ముందర అందరినీ ఒకచోటికి పిలిచి సాధన చేయిస్తారంట. ఏటా జాబు వస్చాది. ఈ ఏడు రాల్యా. ఇరవై దినాల్లో రాకపోతే ఖలాస్. వాళ్ల మేనమామ ఈడ ముదీర్, అంటే మేనేజరు గదా, రిగ్గు పనికి పిలిపించుకున్యాడు."

"మరి బావ ఎట్లా దొరికాడు?"

"డెన్నీ డబ్బాకేసి కొట్టుకుంటా ఉంటే బంతి వంటింట్లోకి వచ్చినాది. గంగారామన్న ఒట్టి చేత్తో పట్టి, రుద్ది, విసిరేసినాడు. పిల్లోడు నోరు తెరిచినాడు. మరుసటి దినం ఆ తొడుగు తెచ్చి ఇచ్చినాడు."

రెండు నెలలుగా రోజూ ఇదే. బంతి అట్లా తిరగడం డెన్నీకి ఇంతకు ముందు లేదట. అతనికి ఉన్నది గట్టిగా, తిన్నగా వేసే బంతి. అది బోలెడు మందికి ఉంది. ఈ తిరిగే బంతి మాత్రం కొత్త. వేళ్లు ఎక్కడో కుదిరాయని అతను, ఎడారి గాలి కలిసొచ్చిందని ముదీరు అనుకుంటున్నారు.

క్యాంపులో రోజులు

మిగతా రోజులు నేను ఆ ఆట నేర్చుకుందామని కూర్చున్నాను. డెన్నీ ఇసుకలో బొమ్మ గీసి చెబుతాడు, మస్తాన్ తెలుగు చేస్తాడు, నేను నోటుబుక్కులో రాసుకుంటాను. మైదానంలో నాలుగు చోట్ల గుర్తులు పెట్టాలి, మూడింటికి సంచులు, నాలుగోదానికి పలక. కొట్టినవాడు బ్యాటు పారేసి పరుగెత్తాలి. బ్యాటు పారేయడం మా స్కూల్లో అయితే రెండు రోజులు గ్రౌండు చుట్టూ పరుగు శిక్ష. కొట్టకుండా ఊరికే నిలబడితే ఒకసారి అవుటు, ఒకసారి బహుమానంగా మొదటి సంచికి నడిచి వెళ్లవచ్చు. ఏది ఎప్పుడో నాకు అంతుచిక్కలేదు. రాసుకున్న కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి, ఎవరైనా చదివి చెబితే సంతోషిస్తాను.

కానీ కుర్రాడు నాకు నచ్చాడు. అమెరికన్లు భోజనాల దగ్గర అతన్ని ఆటపట్టించేవారు, అతను తల వంచుకుని తినేవాడు. అయిదు కాగానే తొడుగు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. నేను బావను పిలవడం విని తనూ "బావా" అనడం మొదలుపెట్టాడు. నాకన్నా చిన్నవాడు కాబట్టి వరస కూడా కుదిరింది. అతను పైకి రావాలని నాకు గట్టిగా అనిపించింది. స్కూలు వాళ్ల ఉత్తరం కోసం నేనూ ఎదురుచూస్తున్నాను కదా, బహుశా అందుకేనేమో.

గురువారం ముదీరు ఒక వార్త తెచ్చాడు. ఆయన పాత స్నేహితుడొకడు, ఒకప్పుడు ఈ ఆటకు శిక్షకుడు, ఇప్పుడు తవ్వే పరికరాలు అమ్ముతూ దేశాలు తిరుగుతున్నాడు. దుబాయ్ వచ్చాడు. శుక్రవారం ఆట చూస్తాడు. నచ్చితే డెన్నీ జట్టువాళ్లకు ఫోన్ చేస్తాడు. నచ్చకపోతే చెయ్యడు.

ఆ మాట విన్నాక బావకు వంటలో ఉప్పు ఎక్కువైంది. 

జెబెల్ అలీ దారి

శుక్రవారం పొద్దున్న బావ లబన్ మజ్జిగలో రెండు చెంచాల చక్కెర కలిపి డెన్నీ చేతికిచ్చాడు. మన దగ్గర పరీక్షకు పోయేవాడికి పెరుగూ చక్కెరా పెట్టి పంపుతాం కదా. డెన్నీకి ఎందుకో తెలియలేదు, అయినా ముక్కు మూసుకుని తాగేశాడు. మేం ముగ్గురం కాల్చిన కోళ్లూ ఉడకబెట్టిన గుడ్లూ పికప్పులో వేసుకుని డెన్నీ వాళ్ల బండి వెనకాల బయలుదేరాం.

దుబాయ్ దాటాక జెబెల్ అలీ దారిలో అమెరికన్లు చదును చేసుకున్న ఇసుక మైదానం అది. ఆడవాళ్లు, పిల్లలు, మడత కుర్చీలు, తిరనాళ్లలా ఉంది. తిరనాళ్లలో ఉండే దుమ్ము కూడా ఉంది. ముసలి శిక్షకుడు టోపీ కళ్ల మీదికి దించుకుని ఒక మూల కూర్చున్నాడు. నిద్రపోతున్నాడేమోనని నాకు అనుమానం.

డెన్నీ మొదటి బంతి వేశాడు. తిన్నగా పోయింది. బ్యాటువాడు కొట్టాడు, బంతి ముళ్ల చెట్ల అవతల పడింది. రెండోది తిరుగుతుందనుకున్నాను, అదీ తిన్నగానే పోయింది. డెన్నీ వేళ్లు మార్చి పట్టుకున్నాడు, ఊదుకున్నాడు, మళ్లీ వేశాడు. బంతి మెత్తగా, వేగం లేకుండా వచ్చింది. అదీ చెట్లలోకే పోయింది. అతని చెవులు జుట్టు కంటే ఎర్రబడ్డాయి.

నాకు ఏమీ పాలుపోలేదు. గాలి సజ్జాలో లాగే ఉంది, చెయ్యి అదే చెయ్యి. బంతి చెట్లలోకి పోయినప్పుడల్లా పెద్దమనిషి ఒకడు సంచిలోంచి కొత్తది తీసి ఇస్తున్నాడు. పలక వెనక కూర్చున్న అమెరికన్ బంతి పట్టగానే అట్లాగే వెనక్కి విసిరేస్తున్నాడు. అట్లాగే. రుద్దకుండా.

 "బావా," అన్నాను, "ఇక్కడ ఎవరూ రుద్దడం లేదు."

బావ గుడ్డు ఒలుస్తున్నవాడు ఆగాడు. ఒక్క నిమిషం నా మొహం, ఒక్క నిమిషం తన లుంగీ చూసుకున్నాడు. కుడి తొడ దగ్గర రెండు నెలల నూనె మరక అరచేయంత ఉంది.

"మస్తాన్ భాయ్, గీ ఆటల బంతి రుద్దుతరా?"

మస్తాన్ పోయి ఎవరినో అడిగి వచ్చాడు. "రుద్దితే తప్పంట అన్నా. నూనె పూస్తే ఆటలోనుంచే పంపిచ్చేస్తారంట."

మన దగ్గర రుద్దకపోతే టీ ఉండదు, వాళ్ల దగ్గర రుద్దితే ఆటే ఉండదు. నేను డ్రిల్లు మాస్టర్ని, ఏది న్యాయమో చెప్పాల్సినవాణ్ణి, మెడలో లేని విజిలు కోసం తడుముకున్నాను. రెండు నెలలుగా ఆ కుర్రాడు తన చెయ్యి అనుకున్నది మా బావ లుంగీ.

"నేనే ఆగం జేసిన పోరని బతుకు," అన్నాడు బావ. ఒలిచిన గుడ్డు పక్కన పెట్టి లేచాడు. "నడు మస్తాన్ భాయ్, నీళ్లిచ్చే లెక్క పోయి చెప్దాం."

"ఇప్పుడే చెప్తే పిల్లోడు ఈడనే కూలబడతాడేమో."

"తెల్వకుంటె ఇంక పొద్దుగూకెదాక గదే వేస్తడు, దెబ్బలు తింటడు. చెప్పుడే నయం."

జట్లు మారే విరామంలో ముగ్గురం నీళ్ల కూజా పట్టుకుని వెళ్లాం. బావ బంతి తీసుకుని తొడకు రుద్ది చూపించాడు, తల నూనె చూపించాడు. మస్తాన్ ఇంగ్లీషులో చెబుతూ చెబుతూ తనే గొంతు తగ్గించేశాడు. డెన్నీ ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆగిపోయింది. నేల చూస్తూ ఏదో అడిగాడు.

"మరి నాదంటూ ఏముంది అంటాండాడు," అన్నాడు మస్తాన్.

బావ తన ఎడమ అరచెయ్యి తెరిచి అతని ముందు పెట్టాడు. చూపుడువేలి మొదట్లో కండ వంకాయ రంగులో వాచి ఉంది. పిండి ఎట్లా పిసుకుతున్నాడో, నాకు ఒక్కరోజూ చూపించలేదు.

"గిది చూడుమను. తిప్పింది నేను, కొట్టింది నువ్వు. బంతి ఎటు తిరిగినా గీ దెబ్బ నీదే. దీన్ని నేను రుద్దలే. సీదా ఎయ్యుమను, నేను పట్టుకుంట."

మస్తాన్ చెప్పాడు. డెన్నీ ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ముదీరు దగ్గరికి పోయి మాట్లాడాడు. ముదీరు బావను కింది నుంచి పైదాకా చూసి, "యల్లా, గంగా," అన్నాడు.

మొహానికి ఇనుప జల్లెడ, ఛాతీకి పరుపు, కింద లుంగీ. ఆ వేషంలో బావ పలక వెనక గొంతుక్కూర్చుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. డెన్నీ వేళ్లు మామూలుగా పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి తిన్నగా వేశాడు. తొడుగులో బంతి పడిన చప్పుడు మా దాకా వినబడింది. బ్యాటువాడు బ్యాటు కదపలేదు.

కానీ బావ చెయ్యి ఇరవై ఏళ్ల అలవాటున్న చెయ్యి. బంతి పట్టగానే కుడి చెయ్యి తొడ మీదికి పోతోంది. రుద్దితే అంతా పోయినట్టే. నేను లేచి నిలబడ్డాను. ఉదయం ప్రార్థనలో నాలుగు వందల మందిని నిలబెట్టే గొంతు నాది.

"బావా, చెయ్యి!"

చెయ్యి గాలిలో ఆగింది. బంతి వెనక్కి పోయింది. మళ్లీ ధడ్ మని చప్పుడు. "బావా, చెయ్యి!" మళ్లీ. నాలుగైదు సార్లయ్యేసరికి పక్క కుర్చీలో ఉన్న అమెరికా ఆవిడ, ఇది మా దేశంలో ఉత్సాహపరిచే మాట అనుకున్నట్టుంది, నాతో కలిసి "బావా చెయ్యి" అంది. ఆవిడ పిల్లలు అందుకున్నారు. చివరికి మైదానం అంచు పొడుగునా జనం డెన్నీ కాలెత్తగానే "బావా చెయ్యి, బావా చెయ్యి" అని అరవడం మొదలుపెట్టారు. మా బావ, బంతి వెనక్కి విసిరేటప్పుడు తప్ప, కుడి చెయ్యిని లుంగీ నడుము ముడిలో దోపుకున్నాడు.

ఎవరు గెలిచారో నాకు తెలియదు. ఆట అయ్యాక రెండు జట్లూ నవ్వుకుంటూ చేతులు కలుపుకున్నాయి. ఓడిపోయాం అన్నాడు మస్తాన్, గెలిచినం అన్నాడు బావ. డెన్నీని అడగబుద్ధి కాలేదు. ముసలి శిక్షకుడు నెమ్మదిగా నడిచి వచ్చి, డెన్నీ వంక చూడకుండా బావ ఎడమ చెయ్యి తీసుకున్నాడు. అరచెయ్యి తిప్పి, వాపు మీద బొటనవేలితో నొక్కాడు. బావ 'స్స్' అన్నాడు. ఆయన తల పంకించి, కారెక్కి వెళ్లిపోయాడు. అది మంచికో చెడుకో ఎవరికీ అర్థం కాలేదు. తిరుగుదారిలో నలుగురం మిగిలిన గుడ్లు తింటూ ఆ తల పంకించడం గురించే వాదించుకున్నాం.

మళ్లీ షార్జా

నేను బయలుదేరే రోజుకు ఫోను రాలేదు. స్కూలు వాళ్ల కబురూ లేదు. డెన్నీ విమానాశ్రయం దాకా వచ్చి, ఒక పక్క రాగిచెంబులా మెరుస్తున్న ఆ పాత బంతి నా చేతిలో పెట్టాడు. నేను అతని వెన్ను తట్టాను, జట్టులోకి తీసుకోని పిల్లలకు తట్టినట్టు. వెంటనే తట్టకుండా ఉండాల్సిందనిపించి విమానంలో బొంబాయి దాకా బాధపడ్డాను.

మెట్‌పల్లి

ఏప్రిల్లో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి స్కూలుది. మీకు శుభం కలగాలని రాశారు, ఉద్యోగం మాత్రం వేరేవాళ్లకు కలిగింది. రెండోది బావది. నేను అక్కణ్ణుంచి బయలుదేరిన మూడో రోజే ఫోను వచ్చిందట, డెన్నీని సాధనకు పిలిచారట. అక్కడ నెలరోజులు ఉంచి, అందరికన్నా కింది జట్టులోనే మళ్లీ పెట్టుకున్నారట. అంటే నాలుగేళ్ల కిందట ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడికే. ఇది గెలుపో ఓటమో నేను ఎంత ఆలోచించినా తేలలేదు. బావ మాత్రం ఒకటే వాక్యం రాశాడు: "మనోడు ఉన్నడు."

నేనూ ఉన్నాను, అదే గ్రౌండులో, అదే విజిలుతో.

బావ ఉత్తరంలోనే డెన్నీ రాసిన చిన్న కాగితం ఉంది. మస్తాన్ ఊళ్లో లేడట, చదివి చెప్పమని బావ నాకు పంపాడు. నాలుగు వాక్యాలే. చెయ్యి బాగుంది. తిన్నగానే వేస్తున్నాను. ఇక్కడ పట్టేవాడు మంచివాడే, బంతి రుద్దడు. కాకపోతే కాలెత్తినప్పుడల్లా చెవులు రిక్కించి వింటున్నాను, ఇక్కడ ఎవరూ "బావా చెయ్యి" అనరు.